కొన్న పిల్ల పుట్టినరోజు

మా మనవరాలు సొరకాయ తురుముతోంది. మామూలుగా అది సొరకాయను చూస్తేనే మొహం తిప్పుకుంటుంది. పప్పులో వేస్తే ముక్కలన్నీ ఏరి పళ్లెం అంచుకు నెట్టేస్తుంది. అలాంటిది పొద్దున్నే లేత కాయ కోసం నిజామాబాద్ గంజ్ మార్కెట్టంతా తిరిగి వచ్చి, నడుముకు చున్నీ బిగించి, ఫోనును ఉప్పుడబ్బాకు ఆనించి, అందులో ఎవరో చెబుతుంటే వింటూ తురుముతోంది. వంటగదిలో పచ్చి సొరకాయ వాసన. పాలు మరుగుతున్న వాసన. రాత్రి నుంచి నానుతున్న ఎండు ఖుబానీల పుల్లటి వాసన.

ఈ హడావుడంతా నా పుట్టినరోజు కోసం. సాయంత్రం దావత్. బగారా అన్నం, దాల్చా, కోడికూర మాకు అలవాటైనవే. తీపి మాత్రం నిజాం కాలం నాటిది అయి ఉండాలని దాని పట్టుదల. ఖుబానీ కా మీఠా, డబల్ కా మీఠా, ఈ సొరకాయది.

"పాతకాలపుదే గావాలంటే నేనున్న గదనే. నన్నే పాకంల ఏస్తే అయిపాయె" అన్నాను.

"నువ్వు ఉడకవు అమ్మమ్మా. మొండిదానివి" అన్నది. తరువాత ఫోను వైపు వంగి చదివింది. "దీని పేరు గిలే ఫిర్దౌస్ అట. స్వర్గంల ఉండే మట్టి అని అర్థమట. మస్తుంది గదా పేరు."

నాకు తెలుసు. ఆ పేరు విని ఒక జీవితకాలం అయింది. అయినా వినగానే వెన్నులో సన్నగా చలి పాకింది. వీపు వెనకే పొయ్యి మండుతోంది మరి.

పుట్టినరోజు ఈ రోజే అని తేల్చింది కూడా అదే. ఆధార్ కార్డు మీదున్న తేదీ అబద్ధమని ఒకసారి నేనే అన్నాను. మా బడి పంతులు పేర్లు రాసుకునే రోజున ఎవరి తేదీ అడిగే ఓపిక లేక అందరికీ ఒకటే వేసేశాడు. అందుకే మా తరగతి మొత్తం ఒకే రోజు పుట్టింది. మా ఊరి మంత్రసాని ఆ రోజు ఎంత అలసిపోయిందో పాపం. "మరి నిజంగ ఎప్పుడు పుట్టినవ్?" అని మనవరాలు అడిగితే, "చక్కెర ఫ్యాక్టరీ కూత వెట్టిన దినం అనేది మా పక్కింటి ఖాలా" అని సగం మాట చెప్పి ఊరుకున్నాను. ఆ సగాన్ని అది పట్టుకుంది. చెరుకు సీజన్ ఎప్పుడు మొదలయ్యేదో ఎవరెవరినో అడిగి, దీపావళి దాటాక వచ్చే ఈ శుక్రవారాన్ని ఖాయం చేసింది.

నేను వద్దనలేదు. వద్దనాలంటే మిగతా సగం చెప్పాలి. అది చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు దగ్గు వస్తుంది, లేకపోతే చాయ్ తాగబుద్ధవుతుంది.

నా చిన్నప్పుడు మేముండేది బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ పక్కన, పనివాళ్ల లైన్లలో. మా బాపు బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. గానుగ మొదలైందంటే ఊరి మీద చెరుకు మడ్డి వాసన దుప్పటిలా పరుచుకునేది. పుల్లగా, తియ్యగా, కొంచెం కుళ్లినట్టు. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు అది లేకపోతే అన్నం సయించేది కాదు. మా ఊళ్లో చక్కెర గాలిలో ఉండేది, డబ్బాల్లో తక్కువ.

చెరుకు బండ్లు ఎడపల్లి తోవ పొడుగునా వరస కట్టి నిలబడేవి. మేము వెనక నుంచి గడలు లాగి పరుగెత్తేవాళ్లం. రెంజల్ అవతలి నుంచి వచ్చిన బండివాళ్లు మరాఠీలో తిట్టేవాళ్లు. అర్థం కాని తిట్టు తగలదని మా నమ్మకం. ఫ్యాక్టరీ గొట్టం లోంచి నల్లటి నుసి రాలేది. ఆరేసిన బట్టల మీద, తెరిచిన పాలగిన్నెల మీద, నిద్రపోతున్న పిల్లల కనురెప్పల మీద. చప్పుడు ఉండేది కాదు. చూసేసరికి ఉండేది.

లైన్లలో కాలాన్ని కూతతో కొలిచేవాళ్లు. షిఫ్టులకు రోజూ చిన్న కూతలుండేవి. ఏటా గానుగ మొదలుపెట్టే సాయంత్రం మాత్రం ఒక పొడుగు కూత. చెరుకు అయిపోయి గానుగ ఆపేసే రోజు మరొకటి. పెళ్లయినా, చావైనా, పురుడైనా ఆ రెంటికి ముడేసి యాది పెట్టుకునేవాళ్లు. మొదలుపెట్టే కూత ఒక ఏడు దీపావళికి ముందు వచ్చేది, ఒక ఏడు తరువాత. మా యాదులు కూడా దానితో పాటే జరుగుతూ ఉండేవి.

నా సంగతికి వస్తే, నేను కన్న పిల్లను కాను, కొన్న పిల్లను. కన్నది మా అమ్మే. కానీ నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఒక పిల్లవాడు పురిట్లోనే, ఒక ఆడపిల్ల నడక, మాటలు వచ్చి ఇల్లంతా తిరిగాక. ఇలా పిల్లలు నిలవని ఇంట్లో తరువాత పుట్టిన దాన్ని చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచుతారు. మాకు వద్దని పారేసినట్టు. వేరే ఇంటివాళ్లు ఎవరో దారిన పోతున్నట్టు వచ్చి, ఇంత తవుడు పోసి ఆ పిల్లను కొనుక్కుంటారు. కొన్నాక, జర పెంచి పెట్టమని మళ్లీ తల్లి చేతికే ఇస్తారు. చావు వెతుక్కుంటూ వస్తే ఆ ఇంటి పిల్ల ఆ ఇంట్లో ఉండదు. చిరునామా మారిపోతుంది.

నన్ను కొన్నది ఆ పక్కింటి ఖాలా, ఉర్దూలో పిన్ని. పిల్లలు లేని మనిషి. ఆమె నానమ్మ ఎప్పుడో ఒక నవాబు దేవిడీలో మీఠాలు వండేదట. ఇక నా పేరంటారా, పెంటకుప్ప మీద దొరికిన దానికి పెట్టే పేరే పెట్టారు. ఇక్కడ రాయను. చదివిన వాళ్లు ముక్కు మూసుకుంటారు.

కొన్న పిల్లకు కొన్ని కట్టుబాట్లు. ముద్దుగా ఉన్నావనకూడదు. కొత్త బట్ట కడితే ముందు దానికి కాస్త మసి పూయాలి. అన్నిటికంటే పెద్దది, పుట్టినరోజు చేయకూడదు. చేస్తే ఏ ఇంట్లో ఏ రోజు పుట్టిందో చాటింపు వేసినట్టే.

అప్పటికి ఇదంతా నాకు తెలియదు. బంగ్లాల వైపు ఒక ఆఫీసరు కూతురు నాతో చదివేది. దాని పుట్టినరోజుకు క్లాసునంతా పిలిచారు. మధ్యలో కేకు, దాని మీద ఆ పిల్ల పేరు. పేరును కోసుకుని తినడం అదే మొదటిసారి చూడడం. ఇంటికి వచ్చి మా బాపు తల్లిని, అవ్వను, అడిగాను.

"అవ్వా, నేనెప్పుడు పుట్టిన?"

అవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది. చెయ్యి ఆగలేదు.

"నువ్వు పుట్టలే. నిన్ను కొన్నం."

"ఎవలన్న ఎప్పుడన్న పుట్టాలె గదా అవ్వా."

"ఎవలన్న పుడితే పుట్టనీ. గా ముచ్చట పొయ్యికాడ దియ్యకు. పో, పొయి ఆడుకో."

అమ్మ వైపు చూశాను. అమ్మ వీపు తిప్పి నీళ్లు తాగుతోంది. చాలాసేపు తాగింది.

పిల్లలకు ఒక తలుపు మూస్తే ఇంకో ఇల్లు ఉంటుంది. నాకైతే లెక్క ప్రకారమే ఉంది. ఖాలా దగ్గరికి పోయి ఏడ్చాను. ఖాలా నా ముక్కు తన దుపట్టాతో తుడిచింది.

"అరే బేటీ, ఏడుస్తరా గింత దానికి? నీ దినం నాకు యాది లేదా? నువ్వు నా ఈ చేతులల్ల పడ్డవ్. గానుగ పొడుగు కూత వెట్టింది, నువ్వు కేర్ మన్నవ్. రెండూ ఒక్కసారే. ఏది ఫ్యాక్టరీదో ఏది నీదో తెల్వలే. గీ యేడు కూత వెట్టిన దినం చేద్దాం. మీ అవ్వకు జెప్పకు. నా ఇంట్ల నేను వండుకుంటే ఎవలడుగుతరు?"

నా గొంతు ఫ్యాక్టరీ సైరన్‌తో సమానమని తెలిసి నాకు గర్వంగా అనిపించింది.

ఆ ఏడు కూత పెట్టే రోజు ఏదో బాపు ద్వారా తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నమంతా ఖాలా ఇంట్లోనే ఉన్నాను. ఖాలా సొరకాయను దారాల్లా తురిమి, పాలలో వేసి, అడుగంటకుండా కలుపుతూనే ఉంది. "దీన్ని గిలే ఫిర్దౌస్ అంటరు. గిల్ అంటే మట్టి. ఫిర్దౌస్ అంటే స్వర్గం. మా దాదీ అనేది, స్వర్గంల పిల్లలు మట్టి తింటె ఎవలు కొట్టరట. ఎందుకంటె ఆడ మట్టి గిట్లుంటది" అన్నది. పొద్దు వాలుతుండగా ఆ తెల్లటి పాయసాన్ని చిన్న చిన్న మట్టి మూకుళ్లలో పోసి, వాకిట్లో చల్లార్చడానికి వరసగా పెట్టింది. ఈగలు వాలకుండా చూడమని నాకు విసనకర్ర ఇచ్చి నమాజుకు లోపలికి పోయింది.

అప్పుడే కూత మొదలైంది. ఎప్పటి కంటే పొడుగ్గా అనిపించింది. అది ఆగాక లైన్లన్నీ చెవుడొచ్చినట్టు అయిపోయాయి. కుక్క మొరగలేదు. బండ్ల ఎద్దుల మెడల్లో గంటలు కూడా కదలలేదు. ఆ ఏటి మొదటి నుసి మెల్లగా దిగుతోంది.

వెనక వాకిలి అవతల, చెరుకు బండ్ల వైపు నుంచి, ఒక చిన్నపిల్ల గొంతు వినబడింది. పేరు చెప్పింది. మాటలు కొత్తగా వచ్చిన పిల్లలు తమను తాము పేరుతోనే చెప్పుకుంటారు కదా, అలా. ఆ పేరు చెప్పి, "అచ్చింది" అన్నది.

నేను ఎప్పుడూ వినని పేరు. బండివాళ్ల పిల్లై ఉంటుందనుకున్నాను. నాకు ఆ రోజు చుట్టాలు కావాలి. బంగ్లా పిల్లకు క్లాసంతా వచ్చింది, నాకు ఈగలు తప్ప ఎవరూ రాలేదు.

"దా, లోపలికి దా" అన్నాను.

వాకిలి దాకా పోయి చూశాను. ఎవరూ లేరు. బండ్లు, చెరుకు, మసక. వెనక్కి తిరిగి వచ్చేసరికి మూకుళ్ల మీద సన్నగా నుసి పడి ఉంది, తెల్లటి దాని మీద ఆవాలు చల్లినట్టు. చివరి మూకుడులో ఒక గుంట ఉంది. వేళ్లతో తీసుకుని తిన్న గుంట. దాని మీద నుసి లేదు. నేనే మరిచిపోయి తిన్నానేమోనని నా వేళ్లు దాంట్లో పెట్టి చూశాను. పట్టలేదు. నా వేళ్లు పెద్దవయ్యాయి.

నాకు భయం వేయలేదు. ఆ మాట చెబితే ఎవరూ నమ్మరు. నా పుట్టినరోజుకు ఒక చుట్టం వచ్చిందని సంతోషంగా ఇంటికి ఉరికాను. ఖాలాకు ఇచ్చిన మాట అప్పటికే మరిచిపోయాను.

"అమ్మా, నా పుట్టినరోజుకు ఒక పిల్ల అచ్చింది. సీదా అచ్చి తిని పోయింది, దొంగది."

అమ్మ అన్నం వంపుతోంది. "ఎవల పిల్లనే?"

"ఏమో. పేరైతె జెప్పింది" అని ఆ పేరు చెప్పాను.

అమ్మ గంజి తన పాదాల మీదే వంపుకుంది. కాలుతున్నా కాళ్లు తీసుకోలేదు. గోడకు జారగిలబడి నెమ్మదిగా కూర్చుంది. లోపలి నుంచి అవ్వ వచ్చింది. నా రెండు జబ్బలూ పట్టుకుంది.

"గా పేరు నీకెవలు జెప్పిండ్రు? ఖాలా జెప్పిందా? బాపు జెప్పిండా?"

"గా పిల్లే జెప్పింది అవ్వా."

నేను పుట్టకముందు నుంచీ ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాలేదు. నాకు ముందు పుట్టి, నడిచి, మాట్లాడి, పోయిన మా అక్క పేరు అది.

అవ్వ నన్ను ఈడ్చుకుంటూ ఖాలా వాకిట్లోకి పోయింది. మూకుళ్లను చూసింది.

"ఏం జేసినవ్ నువ్వు? కొన్నదానివి, నీకు కట్టుబాటు తెల్వదా?"

"చిన్న పిల్ల ఏడిస్తె ఇంత తీపి వండిన అమ్మా. దాని పుట్టిన దినం గదా" అన్నది ఖాలా.

"గిది దాని దినమని ఎవలన్నరు?"

"నేను పట్టిన గదా పురుడు. కూత వెట్టిన దినం. నా చేతులల్లనే..."

"గా పురుడు పెద్దదానిది." అవ్వ గొంతు తగ్గించింది. "గిది గానుగ బందువెట్టిన దినం పుట్టింది. అప్పుడు గూడ నువ్వే ఉంటివి. రెండు కూతలు, రెండు పురుళ్లు. ఒకదాని మీద ఒకటి ఏసుకున్నవ్."

ఖాలా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వరసగా ఉన్న మూకుళ్లను, చివరిదాంట్లోని గుంటను చూసింది.

"యా అల్లా" అన్నది చాలా మెల్లగా. "దావత్ దానికే జేసిన్నా నేను?"

మా లైన్లలో మాత్రమే జరగగల పొరపాటు అది. పంచాంగం ఉన్న ఇంట్లో జరగదు.

ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. జ్వరంలో నేను నవ్వానని, ఎవరికో పక్కన చోటిచ్చినట్టు చాప అంచుకు జరిగి పడుకున్నానని తరువాత బాపు చెప్పాడు. తెల్లారాక అవ్వ ఇంకేమీ ఆలోచించలేదు. నన్ను మళ్లీ అమ్మాలంది.

మిట్టమధ్యాహ్నం లైన్ల వెనక పెంటకుప్ప మీద చాట పెట్టి అందులో నన్ను కూర్చోబెట్టారు. నేను చాటలో పట్టే వయసు దాటిపోయాను. కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. కింద చెరుకు పిప్పి వెచ్చగా ఉంది. తోటి పిల్లలు చూస్తారేమోనని జ్వరం కంటే సిగ్గే ఎక్కువ కాల్చింది. ఖాలా దారిన పోతున్నట్టు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బి ఉంది.

"ఎవలదీ పోరి?" అన్నది.

"ఎవలది గాదు. పారేసినం" అన్నది అవ్వ, ఊరంతా వినేటట్టు.

"గింత పెద్దగైంది. దీనికి తిండి ఎట్ల వెట్టాలె?"

"ఎక్కువ తినది."

అది అబద్ధం. కుప్ప మీద నుంచి నేను దగ్గాను.

"బొక్కలు బొక్కలుంది, కండ లేదు. ముక్కు గూడ వంకరుంది" అన్నది ఖాలా. బేరం నిజం బేరంలా ఉండాలని అవ్వ ముందే చెప్పినట్టుంది. కానీ ముక్కు సంగతి ఆమె సొంతంగా చేర్చింది. చివరికి చాటెడు తవుడుకు తెగింది. మొదటిసారి ఎంతకు పోయానో తెలియదు గానీ, ధర పెరగలేదని అర్థమైంది.

ఖాలా నా చెయ్యి పట్టి కుప్ప దింపింది. అవ్వ ఆ తవుడు తీసుకుపోయి వెనక వాకిలి బయట, బండ్ల తోవ దాకా చల్లింది. గాలికి తవుడు లేస్తోంది. మనుషులెవరూ లేని ఆ తోవతో మాట్లాడింది.

"ఇన్నవా బిడ్డా. గది నీ చెల్లె గాదు. అమ్ముడువోయింది. నీకీడ ఎవలు లేరు. నీ తోవ నువ్వు వట్టు."

మూకుళ్లన్నీ బూడిదగుంటలో బోర్లించి, పైన మట్టి కప్పింది. ఒక్కటి కూడా మిగల్చలేదు.

అమ్మ గడపలో నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నన్ను చూస్తోందనుకున్నాను. కాదు. తవుడు లేస్తున్న తోవను చూస్తోంది. అవ్వ లోపలికి వస్తుంటే దారికి అడ్డంగా నిలబడింది. అమ్మ అత్తకు ఎదురు మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు, తరువాత కూడా చూడలేదు.

"యాడికెల్లి అచ్చిందో అత్తా అది. తన పుట్టిన దినమని అచ్చింది. కడుపునిండ ఇంత తిననియ్యకపోతివి."

అవ్వ అమ్మను పక్కకు జరిపి లోపలికి పోయింది. ఆమెకు ఉన్నదాన్ని కాపాడుకోవాలి. అమ్మకు ఇద్దరూ కావాలి. మధ్యలో నేను చెరుకు పిప్పి దులుపుకుంటూ నిలబడ్డాను. సాయంత్రానికి నా జ్వరం తగ్గింది.

ఆ పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అవ్వ పోయింది, ఖాలా పోయింది, బాపు, అమ్మ. ఫ్యాక్టరీ గొట్టం ఉంది గానీ పొగ లేదు. ఇప్పుడు కూత లేదు కాబట్టి మా అక్కాచెల్లెళ్లిద్దరికీ పుట్టినరోజు లేదు. నేను మాత్రం పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, పళ్లు ఊడి, ఇంత దాకా వచ్చాను. సంధ్యవేళ వెనక తలుపు తెరిచి ఉంచను. వాకిట్లో చిన్నపిల్లల గొంతు వినబడితే మొహం చూసేదాకా దా అనను. నా పిల్లలు దాన్ని పిసినారితనమనుకున్నారు. అనుకోనిచ్చాను.

ఇదంతా తలుచుకునేసరికి పొద్దు వాలింది. ఇంటినిండా జనం. మనవరాలు గిలే ఫిర్దౌస్‌ను పెద్ద పళ్లెంలో పరిచి, పిస్తా పలుకులు దోసిట్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, దీనిమీద పిస్తాతోని పేరు రాస్త. ఏమనుకోకు గానీ, నీ పేరు రాస్తే ఎవలు తినరేమో. 'అమ్మమ్మ' అని రాయనా?"

ఆ తెల్లదనాన్ని చూశాను. దగ్గు రాలేదు. చాయ్ కూడా గుర్తుకు రాలేదు. నాకు ఇంకేం భయం? నేను కోత అయిపోయిన చెరుకు చేనును. తీసుకుపోవడానికి మోళ్లు తప్ప ఏమున్నాయి?

"నేను జెప్పే పేరు రాయి" అని ఆ పేరు చెప్పాను. ఆ సాయంత్రం తరువాత అది నా నోటి నుంచి రావడం ఇదే మొదటిసారి.

"అదెవరు?"

"ఇయ్యాల నాది గాదు బిడ్డా, దానిది. నాది గానుగ బందువెట్టినప్పుడు. రాయి. తినుకుంట జెప్త."

మనవరాలు వాళ్లమ్మ వైపు చూసింది. అమ్మమ్మకు మరుపు మొదలైందా అన్నట్టు. అయినా రాసింది. గుండ్రటి అక్షరాలు, ఆకుపచ్చగా. అందరూ చుట్టూ చేరి, కొంచెం తడబడుతూనే, ఆ పేరు పెట్టి పుట్టినరోజు పాట పాడారు. నేను లేచి వెళ్లి వెనక తలుపు తెరిచి వచ్చి కూర్చున్నాను.

చప్పట్లు ఆగాయి. తలుపు బయట మెట్లు, మసక, పక్కింటి వాళ్ల స్కూటరు. ఎవరూ రాలేదు. బతుకంతా ఆ గొంతు ఎక్కడ వినబడుతుందోనని భయపడినదాన్ని, గరిటె పళ్లేనికి తగిలిన చప్పుడుకు కూడా విసుక్కుంటూ, అందరినీ జర ఊకోండ్రి అంటూ, చెవి ఒగ్గి కూర్చున్నాను.